ఒక భద్రతా ప్రశ్నావళికి జవాబులు రాసిన నా అనుభవం

మేము చాలాకాలంగా సరుకు సరఫరా చేస్తున్న ఒక పెద్ద సంస్థ, ఒప్పందాన్ని పునరుద్ధరించే ముందు మా సైబర్ భద్రతపై సుదీర్ఘమైన ప్రశ్నావళి పంపింది. మా సంస్థలో కంప్యూటర్ వ్యవస్థల బాధ్యత నాది కాబట్టి, జవాబులు రాసే పని నాకే వచ్చింది. యాంటీవైరస్ ఉందా, ఫైర్‌వాల్ ఉందా అన్న ప్రశ్నలు అందులో కొన్నే. మీ నెట్‌వర్క్‌లోకి బయటి నుంచి ఎవరెవరు ప్రవేశించగలరు, డేటా అంతా పోతే పని మళ్లీ మొదలుకావడానికి ఎంత సమయం పడుతుంది, ఆ సంగతి చివరిసారి ఎప్పుడు పరీక్షించి చూశారు అన్నవే ఎక్కువ. పైగా ప్రతి జవాబుకూ ఆధారం జతచేయాలని షరతు పెట్టారు. దాంతో కాగితాల మీద ముగుస్తుందనుకున్న పని, వ్యవస్థ మొత్తాన్ని తిరగేసి చూసే పనిగా మారింది.

మొదట ఖాతాల జాబితా పట్టాను. సిబ్బంది విభాగం దగ్గరున్న పేర్లను ఒకవైపు, సర్వర్లలో లాగిన్ అవకాశం ఉన్న పేర్లను మరోవైపు పెట్టి పోల్చి చూస్తే, ఉద్యోగం మానేసినవారి ఖాతాలు, నలుగురైదుగురు కలిసి వాడుకునే ఉమ్మడి ఖాతాలు, ఎప్పుడో సాఫ్ట్‌వేర్ అమర్చి వెళ్లిన బయటి సంస్థకు ఇచ్చిన, వ్యవస్థపై పూర్తి అధికారాలుండే అడ్మిన్ ఖాతా బయటపడ్డాయి. ఇవి చిన్న విషయాలు కావు. 2021 మే నెలలో అమెరికాలోని కొలోనియల్ పైప్‌లైన్ అనే ఇంధన రవాణా సంస్థను దెబ్బతీసిన రాన్సమ్‌వేర్ ముఠా (డేటాను గుప్తీకరించి, అంటే తెరవలేని రూపంలోకి మార్చి, డబ్బు డిమాండ్ చేసే ముఠా) లోపలికి ప్రవేశించింది ఎవరూ వాడకుండా వదిలేసిన ఒక పాత వీపీఎన్ ఖాతా, అంటే బయటి నుంచి సంస్థ నెట్‌వర్క్‌లోకి రావడానికి వాడే ఖాతా ద్వారానే. ఆ ఖాతాకు పాస్‌వర్డ్ తప్ప రెండో అంచె ధ్రువీకరణ లేదు. ఈ ఉదాహరణ చెప్పిన తరువాత, పాత ఖాతాల తొలగింపుకు యాజమాన్యం నుంచి అనుమతి వెంటనే వచ్చింది.

మిగతా ఖర్చులకు ఒప్పించడం అంత తేలిక కాలేదు. మనలాంటి మధ్యతరహా సంస్థ మీద ఎవరి కన్ను పడుతుందన్నది వారి ప్రశ్న. అన్ని దాడులూ లక్ష్యాన్ని ఎంచుకుని జరగవని వివరించాను. 2017 మేలో వ్యాపించిన వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్, విండోస్‌లోని ఒక లోపాన్ని ఆసరాగా చేసుకుని, ఆ లోపం ఉన్న ప్రతి కంప్యూటర్‌లోకీ దానంతట అదే పాకింది. దాన్ని సరిచేసే ప్యాచ్‌ను మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చిలోనే విడుదల చేసింది, వేసుకోనివారే చిక్కుకున్నారు. జూన్‌లో వచ్చిన నాట్‌పెట్యా అనే మరో హానికర ప్రోగ్రాం, ఉక్రెయిన్‌లో విస్తృతంగా వాడే ఒక పన్ను లెక్కల సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ రూపంలో ప్రవేశించి, మేర్స్క్ వంటి నౌకా రవాణా దిగ్గజాన్ని సైతం స్తంభింపజేసింది. అంటే, నమ్మకమైన సరఫరాదారు దగ్గరి నుంచి వచ్చిన ఫైలు కూడా ప్రమాదాన్ని మోసుకురావచ్చు. ప్రశ్నావళి పంపిన మా ఖాతాదారు సంస్థ మాకు ఇంత లోతైన ప్రశ్నలు వేయడానికి కారణం కూడా ఇదే, ఎందుకంటే వారి దృష్టిలో ఆ సరఫరాదారులం మేమే.

రెండంచెల ధ్రువీకరణ విషయంలో కొంత ఆలోచించాల్సి వచ్చింది. ఎస్సెమ్మెస్‌లో వచ్చే ఓటీపీ ఏమీ లేకపోవడం కంటే మేలే కానీ, నకిలీ లాగిన్ పేజీలో ఉద్యోగి దాన్ని టైపు చేస్తే అది నేరుగా మోసగాడి చేతికి చేరుతుంది. ఫోన్‌లో ఆమోదం నొక్కే పద్ధతికీ బలహీనత ఉంది: 2022 సెప్టెంబరులో ఉబర్‌పై జరిగిన దాడిలో, ఆమోదం కోరుతూ పదేపదే వచ్చిన అభ్యర్థనల్లో ఒకదాన్ని ఒక కాంట్రాక్టరు అంగీకరించారు. అందుకే అడ్మిన్లకు, లెక్కల విభాగానికి యూఎస్‌బీలో పెట్టే భద్రతా కీలు ఇచ్చాము. అసలు వెబ్‌సైటు చిరునామాతో ముడిపడి పనిచేసే ఆ కీ, నకిలీ చిరునామా ఎదురైతే స్పందించదు. మనిషి కన్నుగప్పగలిగినా దాన్ని మభ్యపెట్టడం కష్టం.

అన్నిటికంటే ఎక్కువ శ్రమ బ్యాకప్ దగ్గర పడింది, పడాల్సింది కూడా అక్కడేనని నా అభిప్రాయం. మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాలు, అందులో ఒకటి వేరే చోట అన్న 3-2-1 సూత్రాన్ని అప్పటికే పాటిస్తున్నాము. అయితే నేటి రాన్సమ్‌వేర్ ముఠాలు డేటాను గుప్తీకరించే ముందు బ్యాకప్‌లను వెతికి చెరిపేస్తున్నాయి కాబట్టి, నిర్ణీత గడువు దాకా అడ్మిన్ సైతం చెరపలేని మరో ప్రతిని అదనంగా ఏర్పాటు చేశాము. తరువాత, సర్వర్లన్నీ పోయాయనుకుని ఖాళీ యంత్రాల మీద పునరుద్ధరణకు దిగాము. బ్యాకప్ ఫైలు చెక్కుచెదరకుండా ఉంది, కానీ తెరుచుకోలేదు. దాన్ని తెరవాల్సిన గుప్తీకరణ కీ, మేము పోయిందనుకున్న సర్వర్‌లోనే ఉంది. నిజమైన దాడి జరిగి ఉంటే ఆ ప్రతులు మా కళ్లెదుట ఉండి కూడా అక్కరకు రాకపోయేవి. కీని ముద్రించి, సీలు వేసిన కవరులో సంస్థ లాకరుకు చేర్చిన తరువాత పరీక్ష మళ్లీ మొదలుపెట్టాము. ఈసారి డేటాబేస్ లేచింది గానీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ లేవలేదు. లాగిన్లను ధ్రువీకరించే సర్వర్ దానికంటే ముందు నడుస్తూ ఉండాలట. ఏది ముందు, ఏది తరువాత అన్న క్రమాన్ని ఆ రోజే కాగితం మీద రాసి పెట్టాము, ఎందుకంటే ఆపద వేళ కంప్యూటర్‌లోని పత్రం తెరుచుకుంటుందన్న హామీ లేదు.

చెల్లింపుల గురించి లెక్కల విభాగం అధిపతి స్వయంగా చొరవ చూపారు. 2024లో ఇంజినీరింగ్ సంస్థ అరుప్ హాంకాంగ్ కార్యాలయంలోని ఉద్యోగి ఒకరు, వీడియో కాల్‌లో కనిపించిన పై అధికారులు నిజమైనవారేనని నమ్మి దాదాపు 20 కోట్ల హాంకాంగ్ డాలర్లు బదిలీ చేశారు. ఆ ముఖాలూ గొంతులూ కృత్రిమ మేధతో సృష్టించినవి. ఈ సంగతి తెలిశాక ఆమె ఒక నియమం రాశారు: బ్యాంకు ఖాతా మార్చమని ఎవరు కోరినా, ఆ సందేశంలోని నంబరుకు కాకుండా పాత ఒప్పందంలో ఉన్న నంబరుకు ఫోన్ చేసి నిర్ధారించుకోవాలి, ఎంత అత్యవసరమని చెప్పినా, చెప్పింది మేనేజింగ్ డైరెక్టరే అయినా మినహాయింపు లేదు. ఆ పత్రం మీద మొదటి సంతకం మేనేజింగ్ డైరెక్టరుదే. అందుకే ఇప్పుడు కొత్తగా చేరిన గుమాస్తా కూడా జంకు లేకుండా తిరిగి ఫోన్ చేసి అడగగలుగుతున్నారు.

కంప్యూటర్లన్నిటికీ అప్‌డేట్లు అందుతున్నాయా అన్న ఒక్క ప్రశ్నకు మాత్రం "లేదు" అని రాశాను. ఉత్పత్తి విభాగంలోని ఒక యంత్రాన్ని నడిపే కంప్యూటర్‌కు తయారీదారు నుంచి అప్‌డేట్లు ఆగిపోయాయి. యంత్రాన్ని మార్చకుండా దాన్ని మార్చడం కుదరదు. దాన్ని వేరే నెట్‌వర్క్‌లోకి తప్పించి, ఇంటర్నెట్‌తో సంబంధం తెంచి, యూఎస్‌బీ పోర్టులు మూసి, ఆ వివరాలన్నీ జతచేశాను. ఖాతాదారు సంస్థ భద్రతా బృందం ఆ జవాబు మీదే ఎక్కువసేపు మాట్లాడింది. సేవలు అందించే ఇంజినీరు ల్యాప్‌టాప్ ఆ యంత్రానికి తగిలించే ముందు ఎవరు తనిఖీ చేస్తారని అడిగారు. మా నియమాల్లో ఆ ప్రస్తావన లేదు కాబట్టి చేర్చాము. యంత్రాన్ని మార్చే గడువును ఒప్పందంలోనే రాసుకుని ఇరుపక్షాలమూ సంతకాలు చేశాము.