మార్గళిలో ఒక రోజు కచేరీలకు: మూడు చాలు

మార్గళి అంటే తమిళుల ధనుర్మాసం. డిసెంబరులో చెన్నైలో కర్ణాటక సంగీత కచేరీలు పెట్టే సభల షెడ్యూలు చేతికి రాగానే పొద్దున్నుంచి రాత్రి దాకా ఐదు కచేరీలకు గుర్తులు పెట్టేసుకుంటాం. వద్దు. మూడు చాలు. అవి కూడా రాత్రి కచేరీ నుంచి వెనక్కి లెక్కేసుకోండి.

ముందు పెద్ద కచేరీ ఎవరిదో తేల్చుకుని, దాని టికెట్ దొరికాకే మిగతావి చూడండి. రెండున్నర గంటల కచేరీలో ప్రధాన కీర్తన సాధారణంగా గంట దాటితే గానీ ఎత్తుకోరు. రాగం తానం పల్లవి, అంటే ఒక్క పల్లవి వాక్యం మీద విస్తారంగా సాగే మనోధర్మ సంగీతం, ఉంటే అది ఇంకా తర్వాతే. నాలుగింటి కచేరీ ఆరు దాటితే గానీ వదలదు. వేరే సభలో ఆరింటికో ఆరున్నరకో మొదలయ్యేది పట్టుకోవాలంటే రెంటిలో ఒకదానికి కోత తప్పదు. ఒక పాట నడుస్తుండగా లోపలికి వెళ్లకూడదు కూడా, గుమ్మం దగ్గర ఆగాల్సిందే.

అందుకే రోజుకొక పేట పెట్టుకోండి. మ్యూజిక్ అకాడమీ, నారద గాన సభ రెండూ టీటీకే రోడ్డు మీదే. కృష్ణ గాన సభ, వాణీ మహల్ టి.నగర్‌లో. మైలాపూరులో భారతీయ విద్యా భవన్, రసిక రంజని సభ. తిరువాన్మియూరులోని కళాక్షేత్రకు వేరే రోజు కేటాయించండి, అది దూరం.

మధ్యాహ్నం కుర్రవాళ్ల కచేరీలు చాలాచోట్ల ఉచితం. ముందు వరుసలో కూర్చోండి. త్యాగరాజ కీర్తనలో పదం ఎక్కడ విరిచారో తెలుగువాళ్లకు వెంటనే తెలుస్తుంది, సరిగ్గా పలికిన పిల్లలకు కచేరీ అయ్యాక ఆ మాట చెప్పండి.

క్యాంటీన్‌కు పన్నెండు లోపే వెళ్లండి, ఒంటిగంటకు వరుస పెరిగిపోతుంది. తని ఆవర్తనం (తాళవాద్యాలు మాత్రమే వాయించే భాగం) మొదలవగానే కాఫీకి లేచేవాళ్లను చూస్తే బాధేస్తుంది. మృదంగం వాయించినదానికి ఘటం బదులిస్తూ, ఆ మార్పిళ్లు రెండు ఆవర్తాల (తాళం చుట్ల) నుంచి ఒకటికి, ఒకటి నుంచి అరకు కుదించుకుంటూ వచ్చి, ఇద్దరూ కలిసి మోహరా, ముక్తాయింపు అనే ముగింపు జతులతో ఒకేచోటికి చేరడం వినాలి. వేలితో తాళం లెక్కపెడుతూ కూర్చుంటే ఆ కుదింపు ఇంకా బాగా అందుతుంది.

ఏసీ గట్టిగా ఉంటుంది, శాలువా తీసుకెళ్లండి. మంగళం అయ్యాక గేటు దగ్గరే అందరూ ఒకేసారి ఆటో బుక్ చేస్తారు, రోడ్డు నిండిపోతుంది. పక్క సిగ్నల్ దాకా నడిచి అక్కడ బుక్ చేయండి.