గండికోట అంచున గాలివాన

మే నెలలో గండికోటలో టెంట్ వేసుకుంటామంటే మా ఆవిడ "మీకేమైనా పిచ్చా?" అంది. ఎండ గురించే లెండి. వాన సంగతి మా ఎవరి బుర్రకూ తట్టలేదు.

నేను, మా బావమరిది, వాడి ఫ్రెండ్. తెల్లవారుజామున హైదరాబాద్‌లో బయల్దేరి కర్నూలు మీదుగా బనగానపల్లె చేరేసరికే కారులో ఏసీ ఆనడం లేదు. రోడ్డు పక్కన ఒక పెట్టె మామిడిపళ్లు కొన్నాం. ఊరేమో బనగానపల్లె, పండేమో బంగినపల్లి, ఎందుకలా అని కాసేపు వాదన. బెలుం గుహల్లో ఇంకాస్త ఉడికి, జమ్మలమడుగులో తిని, కోటకు వచ్చేసరికి సాయంత్రం నాలుగున్నర.

అక్కడ పెన్న ఎర్రమల కొండల్ని నిలువునా కోసేసింది. అంచున నిలబడితే దాదాపు 300 అడుగుల కింద నీళ్లు. పొద్దున టెంట్ జిప్పు తీయగానే ఆ లోయే కనపడాలని మా కోరిక. అందుకని అంచుకు బాగా దగ్గరగా వేశాం. రాతినేల కదా, మేకులు దిగలేదు, తాళ్లు రాళ్లకు కట్టాం. ఉక్కగా ఉందని పైన కప్పే వాన కవర్ బ్యాగులోంచి తీయను కూడా తీయలేదు.

మేకలు తోలుకెళ్తున్న పెద్దాయన ఆగి చూశాడు. "నాయనా, ఆడ వద్దు. పడమట మబ్బు సూడండి. గాలొచ్చే ఆ గుడ్డ నిలబడదు." సరే అన్నాం. ఆయన వెళ్లగానే ఫొటోలు తీసుకోవడంలో పడ్డాం.

తొమ్మిదింటికి గాలి పూర్తిగా ఆగిపోయింది, ఆకు కదల్లేదు. చిన్న స్టవ్ మీద ఉప్మాకు ఎసరు పెట్టాం. ఉన్నట్టుండి పడమటి నుంచి ఫ్రిజ్ తలుపు తీసినట్టు చల్లటి గాలి, దాని వెనకే మట్టి వాసన. వేసవిలో పగలంతా నేల కాగితే సాయంత్రానికి మబ్బు నిలువుగా పెరుగుతుంది, అందులోంచి దిగే చల్లగాలే వానకంటే ముందు వస్తుంది. ఇవన్నీ చిన్నప్పుడు చదువుకున్నవే, కానీ కళ్లనిండా దుమ్ము పడ్డాకే గుర్తొచ్చాయి.

మెరుపు మెరిసింది. లెక్కపెట్టాను, తొమ్మిదికి ఉరిమింది. మూడు సెకన్లకో కిలోమీటరు చొప్పున పిడుగు మూడు కిలోమీటర్ల అవతల. తర్వాతి మెరుపుకు నాలుగు లెక్కపెట్టేలోపే లోయ మొత్తం దద్దరిల్లింది, ఆ ఉరుము ఒక గోడకు తగిలి రెండో గోడకు కొట్టుకుని ఎంతకీ చావదే. టెంట్ రాడ్లు విల్లులా వంగి గుడ్డ వచ్చి మొహానికి అతుక్కుంది. "బావా, కారు!" అని వాడు అరవడమూ మేం పరిగెత్తడమూ ఒకేసారి జరిగాయి. చుట్టుపక్కల ఎత్తుగా ఉన్నది మేమేనన్న టెన్షన్‌లో మూడు వందల అడుగుల దూరం మూడు కిలోమీటర్లయింది.

పిడుగుల వేళ కారు మంచి చోటే, మీద పడ్డా కరెంటు పైరేకు మీదుగా నేలకు దిగిపోతుంది. అద్దాలు ఎక్కించి, ఇనుప భాగాలు ముట్టుకోకుండా కూర్చున్నాం. వడగళ్లు టాపు మీద పిడికెడు గులకరాళ్లు విసిరినట్టు పడుతుంటే కారు ఊగుతోంది, ఎవరికీ మాట రావడం లేదు. తిండి పోయింది. వెనక సీట్లో మామిడిపెట్టె ఉంది. అర్ధరాత్రి చీకట్లో, మెరుపు వచ్చినప్పుడల్లా ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ, చొక్కాల మీదంతా రసం కార్చుకుంటూ ఆరు పళ్లు తిన్నాం. నిజం చెప్పాలంటే అంత మంచి మామిడిపండు నేను మళ్లీ తినలేదు.

తెల్లారేసరికి ఆకాశం కడిగినట్టుంది. లోయ గోడల మీంచి సన్నటి నీటిధారలు జారుతున్నాయి. టెంట్ అంచు దాటలేదు గానీ తుమ్మకంపలో చిక్కుకుని ఉంది, రెండు రాడ్లు విరిగి, గుడ్డ ఒక పక్క మూరెడు చిరిగి. ఉప్మా గిన్నె మాత్రం కనపడలేదు.

పెద్దాయన మేకలతో మళ్లీ అటే వచ్చాడు. నిన్న చెప్పానుగా అనలేదు. కంపలోంచి గుడ్డ విడదీస్తున్న మమ్మల్ని కాసేపు చూసి, "అది మీకు పనికిరాదంటే నాకీండి నాయనా, వామి మింద కప్పుకుంటా" అన్నాడు. ఇచ్చేశాం, మిగిలిన మామిడిపళ్లతో పాటు.