పుదీనాకు ఏసీ నీళ్లు, కొత్తిమీరకు బియ్యం కడుగు

వేసవి మొదలైతే చాలు, "మట్టి లేకుండా పెంచండి, తొంభై శాతం నీళ్లు ఆదా" అనే వీడియోలతో ఫోన్ నిండిపోతుంది. మా నిజాంపేట అపార్ట్‌మెంటుకు ఏప్రిల్ దాటితే ట్యాంకరే దిక్కు. అందుకే మిద్దె మీద పుదీనాను ఒక డబ్బాలో నీళ్లలోనూ, ఒక కుండీలో మట్టిలోనూ పెట్టి చూస్తున్నాను.

తొంభై శాతం అన్నది గాలి మాటేం కాదు. అమెరికాలో అరిజోనాలోని యూమా వైపు సాగయ్యే లెట్యూస్ మీద 2015లో ఒక అధ్యయనం వచ్చింది. కిలో ఆకుకు పొలంలో 250 లీటర్లు, హైడ్రోపోనిక్స్‌లో, అంటే మట్టి లేకుండా పోషకాల నీళ్లలో పెంచితే, 20 లీటర్లు అని లెక్కగట్టారు. ఆ అధ్యయనంలోనే హైడ్రోపోనిక్స్‌కు శక్తి వాడకం పొలం కంటే ఎనభై రెట్లు పైనే అని కూడా ఉంది; వీడియోల వాళ్లు ఆ ఊసెత్తరు. పైగా ఆ పోలిక పొలంతో, మన కుండీతో కాదు. మట్టిలో వృథా అయ్యేది పైనుంచి ఆవిరయ్యేదీ, అడుగు నుంచి కారిపోయేదీ. మట్టి మీద రెండంగుళాల మందాన ఎండుటాకులు కప్పి, కింద పళ్లెం పెడితే రెండూ చాలావరకు ఆగుతాయి.

నా డబ్బాది క్రాట్కీ పద్ధతి. మోటారు ఉండదు, కరెంటు అక్కర్లేదు. మూతకు రంధ్రం, అందులో నెట్ పాట్ (జల్లెడలా చిల్లులున్న చిన్న కుండీ), కింద పోషకాలు కలిపిన నీళ్లు. నీటి మట్టం దిగేకొద్దీ పై వేళ్లకు గాలి, కింది వేళ్లకు తడి. వెలుతురు సోకితే నాచు పడుతుంది, అందుకే నల్ల కవరు చుట్టాను.

అసలు చిక్కు నీళ్ల దగ్గరే. మా బోరు నీళ్లలో టీడీఎస్ (కరిగిన లవణాలు) కొలిచే మీటరు ముంచితే వెయ్యికి అటూ ఇటూ చూపిస్తుంది. దానికి పోషకాల ఉప్పులు తోడైతే ఆకుల అంచులు మాడతాయి. ఆర్ఓ నీళ్లు పొయ్యమంటారు. మా ఇంట్లో ఆర్ఓ మిషను లీటరు మంచినీళ్లు ఇచ్చేలోపు సన్న పైపులోంచి రెండు మూడు లీటర్లు సింకులోకి పోతాయి. ఇంక ఆదా ఏముంది నా మొహం! అందుకే ఏసీ పైపు కింద బకెట్టు పెట్టాను. ఆ ఏసీ నీళ్లలో టీడీఎస్ దాదాపు ఉండదు. ఉక్కపోత రోజున బకెట్టు నిండుతుంది, వడగాడ్పు రోజున సగం కూడా రాదు. పుదీనా మాత్రం ఆ నీళ్లతో కాడ కాడకీ చిగురేస్తోంది.

మే ఎండకు డబ్బాలో నీళ్లు కాగుతాయి. అప్పుడు తెల్లటి వేళ్లు గోధుమ రంగుకు తిరిగి, పట్టుకుంటే జిగటగా జారతాయి, మురుగు వాసన కూడా. ఓవర్‌హెడ్ ట్యాంకు నీడలో పెడితే కాస్త నయం.

కొత్తిమీరను మట్టిలోనే ఉంచేశాను. బియ్యం కడుగు, పప్పు కడిగిన నీళ్లు అన్నీ దానికే. అవే డబ్బాలో పోస్తే కుళ్లి కంపు కొడతాయి. మట్టికి ఆ పేచీ లేదు, ఇలాంటి కడుగు నీళ్లు ఏవి తెచ్చి పోసినా తాగేస్తుంది. ఎండ ముదిరితే కొత్తిమీర ఎక్కడ పెట్టినా పూతకు పోతుంది, అది వేరే గొడవ.

జూన్‌లో వానలు పడి ఏసీ వాడకం తగ్గాక డబ్బా కడిగి బోర్లించి, ఆ పుదీనా కాడల్ని కూడా కుండీలోకే గుచ్చేస్తాను.