42 స్కోరు

నిన్న ఖమ్మం దాటాక రైలు బండి ఆగిపోయింది. ఎదురు సీట్లో పెద్దాయన వేరుశనక్కాయలు ఒలుస్తూ "ఇప్పుడంతా రిజర్వేషన్ డ్రైవర్లే కదమ్మా, మన ప్రాణాలు గాల్లో దీపాలే" అన్నారు. ఒళ్లు మండింది.

అసిస్టెంట్ లోకో పైలట్, అంటే రైలు అసిస్టెంట్ డ్రైవర్, పరీక్ష రాసి పోగొట్టుకున్నదాన్ని నేను. ఓసీనే. రాత పరీక్షలో కటాఫ్ కేటగిరీని బట్టి మారుతుంది, నిజమే, కాదనను. కానీ ఆ తర్వాత కంప్యూటర్ మీద ఆప్టిట్యూడ్ టెస్ట్ ఉంటుంది, అందులో ఒక్కో విభాగంలో 42 స్కోరు ఎవరికైనా రావాల్సిందే, ఏ కులానికీ సడలింపు లేదు. కంటి పరీక్షా అంతే, అద్దాలు లేకుండా 6/6. ఆ ఆప్టిట్యూడ్ టెస్ట్‌లో పేర్చిన ఇటుకల బొమ్మ చూపించి ఈ ఇటుకని ఎన్ని తాకుతున్నాయో చెప్పమంటారు చూడండి, అక్కడే నేను బోల్తా కొట్టా. నా పక్కన కోచింగ్‌లో కూర్చున్న ఎస్టీ అమ్మాయి పాసైంది.

"మరి బాలాసోర్ రైలు ప్రమాదం?" అన్నారాయన. అంకుల్, 2023లో ఆ కోరమాండల్ డ్రైవర్‌కి కనిపించింది పచ్చ సిగ్నలే, తప్పు జరిగింది సిగ్నల్ వైరింగ్‌లో, దానికి కులమేంటి?

"ప్రమోషన్లలో రిజర్వేషన్ల సంగతో?" అన్నారు. అది వేరే గొడవ, దానికి నా దగ్గర రెడీగా జవాబు లేదు. బండి కదిలింది. గుప్పెడు పల్లీలు నా చేతిలో పోశారు.