బురదలో దాగిన అడవి కోసం కుమావూ కొండలకు

మార్చి నెలాఖరులో ఉత్తరాఖండ్‌లోని కుమావూ కొండలకు వెళ్లడానికి కారణం మా అక్క. చిన్నాన్న కూతురు. సరస్సుల అడుగున పేరుకున్న బురదలో పుప్పొడి రేణువులను లెక్కపెట్టి, వేల ఏళ్ల కిందట ఆ చుట్టుపక్కల ఏ చెట్లు ఉండేవో చెప్పడం ఆమె చదువు, ఆమె పని. "నాచు ఏరడానికి కొండలకు వెళ్తున్నా, వస్తావురా?" అని ఫోన్ చేస్తే వెంటనే టికెట్ తీసుకుని సికింద్రాబాద్‌లో రైలెక్కాను.

ముందు లక్నోలో దిగి, మొక్కల శిలాజాలను పరిశోధించిన శాస్త్రవేత్త బీర్బల్ సాహ్నీ పేరు మీద ఉన్న సంస్థకు వెళ్లాం. అక్కడి శంకుస్థాపన రాయిని చూడాలని నాకు ఎప్పటి నుంచో కోరిక. రకరకాల చోట్ల దొరికిన శిలాజాలను సిమెంటులో పొదిగి సాహ్నీ గారే చేసిన పలక అది. 1949 ఏప్రిల్ 3న నెహ్రూ చేతుల మీదుగా శంకుస్థాపన జరిగింది. వారం తిరక్కుండానే సాహ్నీ గారు కన్నుమూశారు. ఆ తర్వాత సంస్థ బరువంతా మోసింది ఆయన భార్య సావిత్రి గారు. ఆ రాయి ముందు నిలబడితే మనసు బరువెక్కింది.

ఆ సాయంత్రం అక్క మైక్రోస్కోప్ కింద ఒక స్లైడ్ పెట్టి చూడమంది. పైన్ చెట్టు రేణువు. గుండ్రటి ఒంటికి రెండు గాలి తిత్తులు, అచ్చం మిక్కీ మౌస్ చెవుల్లా. ఆ తిత్తుల వల్లే గాలిలో అంత దూరం తేలిపోతుందట. రేణువు పైగోడలో స్పోరోపొలెనిన్ అనే పదార్థం ఉంటుంది. ఇసుకను కూడా కరిగించే హైడ్రోఫ్లోరిక్ యాసిడ్‌లో వేసినా ఆ గోడ చెక్కుచెదరదు. అందుకే ల్యాబ్‌లో మట్టి, ఇసుక, కుళ్లిన ఆకుల ముక్కలు ఒక్కొక్కటీ వదిలించుకుంటూ పోతే చివరికి మిగిలేది పుప్పొడే. ఒక్కో స్లైడ్ మీద వందల రేణువులను గుర్తుపట్టి లెక్క రాసుకోవాలి. ఎంత ఓపిక కావాలో ఆమె పక్కన కాసేపు కూర్చుంటే అర్థమైంది.

రాత్రి రైలెక్కి, తెల్లవారి లాల్‌కువా దాటేసరికి కిటికీ బయట సాల వృక్షాలు. మన ఉత్తరాంధ్ర ఏజెన్సీలోనూ ఈ చెట్లు ఉన్నాయి కానీ, ఇక్కడ కొండల పాదాల దగ్గర సాల అడవి బారులు తీరి ఉంటుంది. కొత్త చిగుళ్లు ఎర్రెర్రగా మెరుస్తున్నాయి. "ఇంత అడవి ఉందా, దీని కింద మట్టి తీసి చూస్తే సాల రేణువులు చాలా తక్కువ కనిపిస్తాయి" అంది అక్క. నేను నమ్మలేదు. సాల వృక్షం పుప్పొడి తక్కువగా రాలుస్తుందని, రాలిన కాస్తా మట్టిలో సరిగా నిలవదని వివరంగా చెప్పింది. అంటే పాత మట్టిలో నాలుగు సాల రేణువులు దొరికినా, అప్పట్లో అక్కడ పెద్ద అడవే ఉండి ఉండొచ్చు! నాకు ఈ యాత్రంతటిలో అన్నిటికన్నా నచ్చిన విషయం ఇదే.

కాఠ్‌గోదాంలో దిగి రాణీబాగ్ మీదుగా జీపులో భీమ్‌తాల్, అక్కడి నుంచి నౌకుచియాతాల్. సాల అడవి కిందే ఆగిపోయింది, చీర్ పైన్ చెట్లు మొదలయ్యాయి. కొన్ని మానుల మీద గాట్లు పెట్టి, జిగురు కోసం చిన్న గిన్నెలు కట్టారు. నేలంతా ఎండిన పైన్ సూదులు, స్థానికులు పిరూల్ అంటారు. కాలు వేస్తే జారిపోతుంది. కొమ్మను కాస్త తట్టితే చాలు, పసుపు పొడి పొగలా లేచింది. చొక్కా మీద, ఫోన్ మీద, చివరికి టీ గ్లాసు అంచు మీద కూడా అదే.

నౌకుచియాతాల్ 1,200 మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంది. ఒడ్డున నీటి మీద పసుపు తెట్టు. నీళ్లు కదిలినప్పుడల్లా రాళ్లకు పట్టుకుంటోంది. అందులో కొంత ఈ ఏడాదే మునిగి అడుగున చేరుతుంది. దాని మీద వచ్చే ఏడాది పొర. లోతున ఆక్సిజన్ అందని బురదలో పడ్డ రేణువు వేల ఏళ్లు అలాగే ఉంటుంది. గొట్టం దించి ఆ బురదను పైకి తీసి, రేడియోకార్బన్‌తో వయసు కట్టి, పొర పొరకూ రేణువులు లెక్కపెడతారు. 1916లో స్వీడన్‌కు చెందిన లెన్నార్ట్ ఫాన్ పోస్ట్ ఇలా పొర పొరకూ రేణువులు లెక్కపెట్టే పద్ధతికి దారి చూపాడు.

మరి నాచు ఎందుకు? మెత్తటి నాచు దిండు కొన్నేళ్లపాటు గాలిలోంచి పడే పుప్పొడిని పట్టి ఉంచుతుంది. ఇప్పుడు కళ్ల ముందున్న చెట్లకూ, రాలిన రేణువులకూ లెక్క ఎలా కుదురుతుందో తెలిస్తేనే పాత బురద చెప్పేది అర్థమవుతుంది. అక్క చాకుతో నాచును చెక్కి కవర్లో వేసి, చుట్టూ ఉన్న చెట్లన్నిటి పేర్లూ రాసుకునేది. కవర్లు పట్టుకోవడం నా వంతు.

మధ్యాహ్నం ఒక ఇంటివాళ్లు మడువా (రాగి) రొట్టె, భాంగ్ గింజల చట్నీ పెట్టారు. భాంగ్ మొక్క గాలిలోకి పుప్పొడి బాగా వదులుతుందట. బురదలో దాని రేణువులు, పెద్ద సైజు ధాన్యపు రేణువులు, బొగ్గు నలుసులు కలిసి కనిపిస్తే అక్కడ మనుషులు సాగు చేశారని అనుమానించవచ్చు. ఓక్ తగ్గి పైన్ పెరిగితే అది వాతావరణం పనా, మనిషి పనా అన్న ప్రశ్నకు ఇవన్నీ కావాలి. ఇంగ్లీషువాళ్ల కాలంలో జిగురు కోసం, రైలు పట్టాల కింద దుంగల కోసం ఇక్కడ చీర్ పైన్‌ను పెంచారు. అడవిలోకి రానివ్వకపోవడంతో రగిలిపోయిన జనం 1921లో పైన్ అడవులకు నిప్పు పెట్టారు. వాళ్ల పశువులకు మేత, ఎరువుకు ఆకు ఇచ్చింది ఓక్ చెట్టే కదా. వాళ్ల కోపం నాకు న్యాయంగానే అనిపిస్తుంది.

మర్నాడు ముక్తేశ్వర్ వైపు ఎక్కాం. పైన బాంజ్ ఓక్ చెట్లు, మధ్య మధ్య ఎర్రగా విరగబూసిన బురాంశ్, అంటే రోడోడెండ్రాన్ చెట్లు. ఆ చెట్టు కిందే నాచు తీస్తుంటే అడిగాను.

"అక్కా, దీంట్లో బురాంశ్ ఎంత ఉంటుంది?"

"దాని పుప్పొడి జిగటరా, పక్షులు, పురుగులే మోయాలి. ఒకటో రెండో దొరికితే గొప్ప. కింది నుంచి గాలికి ఎగిరొచ్చిన పైన్ మాత్రం తప్పకుండా ఉంటుంది."

కవర్ మీద చెట్ల జాబితాలో బురాంశ్ పేరు మొట్టమొదట రాసింది.