దూది పుల్లా, చాకలి పద్దూ

2007 ఏప్రిల్‌లో జర్మనీలోని హైల్‌బ్రాన్‌లో ఒక మహిళా పోలీసును కాల్చి చంపారు. ఆమె కూర్చున్న కారులో ఎవరో ఆడమనిషి డీఎన్ఏ దొరికింది. పాత కేసులతో పోల్చి చూస్తే అదే డీఎన్ఏ 1993 నాటి హత్యలోనూ ఉంది, చిల్లర దొంగతనాల్లోనూ ఉంది. జర్మనీ, ఆస్ట్రియా, ఫ్రాన్స్ కలిపి దాదాపు 40 చోట్ల తేలింది. ఆచూకీ చెప్పినవాళ్లకు 3 లక్షల యూరోలు ఇస్తామన్నారు. అయినా ఆమెను కచ్చితంగా గుర్తుపట్టిన సాక్షి లేడు, పట్టుబడ్డ దొంగల్లో ఆమెను ఎరిగినవాడు లేడు.

2009లో, కాలిపోయిన ఒక మగవాడి శవం ఎవరిదో తేల్చడానికి అతని పాత దరఖాస్తు మీది వేలిముద్రల నుంచి నమూనా తీశారు. అందులోనూ ఈ ఆడమనిషే వచ్చింది. రెండోసారి తీస్తే రాలేదు. అప్పుడుగానీ ఎవరికీ దూది పుల్ల మీద అనుమానం రాలేదు. నేరస్థలంలో నమూనా తీయడానికి వాడే ఆ పుల్లల్ని తయారుచేసే చోట పనిచేసే ఒకావిడ డీఎన్ఏ అది. చంకలో పిల్లను పెట్టుకుని మూడు దేశాలు వెతికారన్నమాట.

ఇందులో ఎవరూ మోసం చేయలేదు. పుల్లల్ని శుద్ధి చేసే పంపారు. కాకపోతే ఆ శుద్ధి సూక్ష్మజీవుల్ని చంపడానికి చేసింది. బతికున్న జీవి చచ్చిపోయినా దాని డీఎన్ఏ ముక్కలు అలాగే మిగిలి ఉంటాయి. ‘క్రిమిరహితం’ అన్న మాటని ‘డీఎన్ఏ రహితం’ అని చదువుకోవడం దగ్గరే పొరపాటు జరిగింది. ఈ రెండోదానికి విడిగా ఒక అంతర్జాతీయ ప్రమాణం, ఐఎస్ఓ 18385, రావడానికి 2016 దాకా పట్టింది.

డిటెక్టివ్ కథల్లో ఇలాంటిది మనం చూడం. అక్కడ అబద్ధమాడేది మనుషులే. భూతద్దం అబద్ధమాడదు, గోడ గడియారాన్ని ఎవడో వెనక్కి తిప్పి ఉంటే తప్ప అదీ అబద్ధమాడదు. నిజజీవితంలో సత్యం దాక్కోవడానికి ఎక్కువ ఇష్టపడే చోటు మాత్రం మన చేతిలోని కొలబద్దే. దోషిని అందరూ అనుమానిస్తారు, కొలబద్దని ఎవరూ అనుమానించరు.

దీనికి నాకు తెలిసిన అందమైన ఉదాహరణ ఆర్సెనిక్ పరీక్ష. మన పాషాణమే అది. రంగు, రుచి పెద్దగా తెలియకుండా భోజనంలో కలిసిపోతుంది, లక్షణాలు వాంతులూ విరేచనాల్లా ఉంటాయి. 1832లో ఇంగ్లండ్‌లో జాన్ బాడిల్ అనే యువకుడు తాతకి కాఫీలో విషం పెట్టాడన్న కేసులో జేమ్స్ మార్ష్ అనే రసాయన శాస్త్రవేత్త పరీక్ష చేశాడు. హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు పంపితే పసుపుపచ్చని మడ్డి పేరుకుంది, అంటే ఆర్సెనిక్ ఉన్నట్టే. కానీ జ్యూరీ ముందుకు తెచ్చేసరికి ఆ మడ్డి చెడిపోయింది. కుర్రాడు నిర్దోషిగా బయటపడ్డాడు, తర్వాత తనే నేరం ఒప్పుకున్నాడు. ఒళ్లు మండిన మార్ష్ 1836లో జ్యూరీకి చూపించినా చెక్కుచెదరని ఆనవాలునిచ్చే పరీక్షను తయారుచేశాడు.

పని తీరు ఇది. గాజు బుడ్డిలో జింకు ముక్కలు, పలుచని సల్ఫ్యూరిక్ ఆమ్లం వేస్తే హైడ్రోజన్ పుడుతుంది. అందులో అనుమానమున్న పదార్థం కలిపితే, దానిలోని ఆర్సెనిక్ హైడ్రోజన్‌తో కూడి ఆర్సీన్ అనే వాయువు అవుతుంది. ఆ వాయువు వెళ్లే గాజు గొట్టాన్ని ఒకచోట వేడి చేస్తే అది విడిపోయి, వేడి తగిలిన చోటు దాటాక కాస్త అవతల చల్లని గాజు మీద నల్లగా మెరిసే పొర కడుతుంది. లేదా వాయువుని వెలిగించి ఆ మంటకు చల్లని పింగాణీ పళ్లెం అడ్డం పెట్టినా పొర పడుతుంది. ఆ పొరనే అద్దం అంటారు. మిల్లీగ్రాములో యాభయ్యో వంతు ఉన్నా కనపడుతుంది. ఆర్సీన్ మహా విషం కాబట్టి చదువుకోవడానికే తప్ప ఇంట్లో చేసి చూసేది కాదు. ఆంటిమొని అనే మరో మూలకం కూడా ఇలాంటి అద్దమే కడుతుంది. సోడియం హైపోక్లోరైట్ ద్రావణం పోస్తే ఆర్సెనిక్ పొర కరిగిపోతుంది, ఆంటిమొని పొర కరగదు. అలా వేరు చేస్తారు.

ఇంత సున్నితమైన పరీక్షకి దాని సున్నితత్వమే గండం. గనిలోంచి వచ్చే జింకు ఖనిజంలో ఆర్సెనిక్ సహజంగా ఉంటుంది. ఆ రోజుల్లో అమ్మే సల్ఫ్యూరిక్ ఆమ్లంలోనూ ఉండేది. అంటే చనిపోయినవాడి కడుపులో ఏమీ లేకపోయినా అద్దం కట్టొచ్చు. కంచే చేను మేయడమంటే ఇదే. 1840లో ఫ్రాన్స్‌లో మారీ లఫార్జ్ భర్తని చంపిందన్న కేసులో స్థానిక నిపుణుల ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగలేదు. చివరికి విషాల నిపుణుడు మాత్యూ ఓర్ఫిలా వచ్చి విషం ఉందని తేల్చాడు. ఆయన గొప్పతనం విషం చూపించడంలో లేదు. అది తను వాడిన రసాయనాల నుంచి రాలేదనీ, శవపేటిక చుట్టూ ఉన్న మట్టి నుంచి రాలేదనీ కూడా చూపించాడు.

ఆ పద్ధతి పేరు ఖాళీ పరీక్ష. అదే బుడ్డి, అదే జింకు, అదే ఆమ్లం, అంతే సేపు, కానీ అనుమానమున్న పదార్థం మాత్రం వేయకుండా. అద్దం కడితే మీ కొలబద్ద చెడ్డది. హైల్‌బ్రాన్‌లోనూ దేనికీ తాకించని పుల్లల్ని, తగినన్ని, అలాగే పరీక్షకి పంపి ఉంటే గుట్టు బయటపడేది. ‘తగినన్ని’ అనడానికి కారణముంది: ప్రతి పుల్లా చెడ్డది కాదు. ఒకటి రెండు పుల్లలతో చేసిన ఖాళీ పరీక్ష శుభ్రంగా వచ్చి, లేని ధైర్యాన్నిస్తుంది.

కాగితాల విషయంలో ఇదే జబ్బు వేరే రూపంలో వస్తుంది. 1983 ఏప్రిల్‌లో జర్మన్ పత్రిక ‘స్టెర్న్’ హిట్లర్ డైరీలు దొరికాయని ప్రకటించింది. సుమారు 60 సంపుటాలు, వాటికి పెట్టిన ఖర్చు 90 లక్షల మార్కులకు పైనే. ముందే చేతిరాత నిపుణులకు చూపించారు, వాళ్లు హిట్లర్ రాతే అన్నారు. నిజానికి వాళ్లు తమ పని సరిగానే చేశారు: రెండు రాతలూ ఒకరివేనా అని చూశారు, అవునన్నారు. వాళ్లకి ‘అసలు’ అని ఇచ్చిన నమూనాల్లో కూడా ఫోర్జరీ చేసిన కొన్రాడ్ కుయావ్ రాసినవే ఉన్నాయి! అతని రాత అతని రాతతో బ్రహ్మాండంగా సరిపోయింది. రెండు వారాల్లోపే కాగితం నిజం చెప్పేసింది. అతినీలలోహిత కాంతిలో మెరిసే తెల్లదనపు రసాయనం అందులో ఉంది, యుద్ధం అయ్యాక గానీ కాగితంలో వాడని రసాయనమది. అన్నిటికంటే నాకు నవ్వొచ్చేది అట్ట మీది అక్షరాలు. పాత జర్మన్ లిపిలో ఏ అనుకుని ఎఫ్ అతికించాడు. అడాల్ఫ్ హిట్లర్ కాస్తా ఎఫ్. హెచ్. అయ్యాడు. అంతమంది పెద్దలు చూశారు, చదవలేదు.

అందుకని పాత కాగితం ఏదైనా చేతికొస్తే అడగాల్సిన మొదటి ప్రశ్న ‘ఇది అసలా?’ అన్నది కాదు. ‘దీన్ని దేనితో పోలుస్తున్నాం, అది ఎక్కణ్ణుంచి వచ్చింది?’ అన్నది. పోల్చే నమూనా కూడా అదే మనిషి తెచ్చిస్తే ఆ పోలికకి విలువ లేదు. చేతులు మారిన వరస రాయండి: ఎవరి దగ్గర, ఎప్పుడు, ఏ రుజువుతో. వరసలో ఒకచోట ‘ఎవరో సైనికాధికారి’, ‘పేరు చెప్పకూడని పెద్దమనిషి’ అని వస్తే అక్కడ ఆగిపోవాలి. తర్వాత వస్తువు: కాగితం, సిరా, కుట్టిన దారం. అన్నిటికంటే కొత్తదేదో అదే ఆ కాగితం వయసు. రాతలో ఉన్న విషయం ఆఖరికి చూడాలి, ఎందుకంటే మనల్ని మురిపించడానికి ఫోర్జరీగాడు శ్రమ పడేది దాని మీదే.

రచయిత పేరు దాచుకున్నప్పుడు కూడా ఇలాగే. 2013లో రాబర్ట్ గాల్‌బ్రెయిత్ అనే కొత్త రచయిత డిటెక్టివ్ నవల వెనక జె. కె. రోలింగ్ ఉందని ఒక పత్రికకి ఉప్పందింది. ప్యాట్రిక్ జువోలా అనే కంప్యూటర్ శాస్త్రవేత్త మాటల పొడవులు, వంద అతి మామూలు మాటల వాడకం, నాలుగేసి అక్షరాల గుంపులు, పక్కపక్కన వచ్చే మాటల జతలు లెక్కపెట్టాడు. కథ, పాత్రలు, శైలి మార్చుకోవచ్చు. కానీ ‘అయితే’, ‘కూడా’ లాంటి చిన్న మాటల్ని ఎంత తరచుగా వాడతామో మనకే తెలియదు, తెలియనిదాన్ని దాచలేం. ఇక్కడా కొలబద్దకి ఒక హద్దుంది. ఆయన రోలింగ్‌తో పాటు మరో ముగ్గురు రచయిత్రుల్ని పోల్చాడు. ఈ లెక్క పోల్చినవాళ్లలో ఎవరు దగ్గరో మాత్రమే చెబుతుంది. అసలు రచయిత ఆ నలుగురిలో లేకపోయినా ఎవరో ఒకరు ‘దగ్గర’గానే తేలతారు. ఆ విషయం ఆయన దాచలేదు. ఫలితం చూసి ‘రుజువైంది’ అనే జనమే ఆ ముక్క వదిలేస్తారు.

మరి సాహిత్యం? మంచి అపరాధ పరిశోధన రచయితలకి ఈ రహస్యం మొదట్నుంచీ తెలుసు. పాఠకుడి కొలబద్ద ఏది? కథ చెప్పే గొంతు. 1929లో రోనాల్డ్ నాక్స్ అనే రచయిత డిటెక్టివ్ కథలకి రాసిన పది నియమాల్లో, డిటెక్టివ్ పక్కనుండే మిత్రుడు తన మనసులో మాట ఏదీ పాఠకుడి దగ్గర దాచకూడదని ఒకటుంది. డిటెక్టివే నేరం చేయకూడదని మరొకటి. రెండూ కొలబద్దని కాపాడటానికి పెట్టిన నియమాలే. అప్పటికే అగాథా క్రిస్టీ ఒక నవలలో కథ చెప్పేవాణ్ణే హంతకుణ్ణి చేసేసింది. పేరు చెప్పను, చదవనివాళ్ల సరదా పాడుచేయడమెందుకు. అందులో చూడాల్సింది ఆమె ఆ పని ఎలా చేసిందన్నది. గదిలోకి ఉత్తరాలు వచ్చిన టైము చెబుతాడు, తను గది వదిలిన టైమూ చెబుతాడు. మధ్యలో పది నిమిషాలు. ఆ పది నిమిషాల గురించి ఒక్క అబద్ధం లేదు, అసలు వాక్యమే లేదు. పాఠకుడు రెండు టైములనీ పక్కపక్కనే చదివి తీసివేత చేయడు.

రాసేవాళ్లకి పనికొచ్చే సంగతి ఇక్కడుంది. ఆధారాన్ని చీకట్లో దాచకూడదు, లెక్కలో దాచాలి. గదిలోని వస్తువుల్ని ఐదు చెబితే ఆధారాన్ని మూడోదిగా పెట్టండి, మొదటిదీ చివరిదీ గుర్తుంటాయి. ఆధారాన్నీ, దానికి అర్థమిచ్చే విషయాన్నీ ఒకే అధ్యాయంలో ఉంచకండి. ఆధారం కనపడ్డ వెంటనే తలుపు చప్పుడో, పోట్లాటో రావాలి. అంతకంటే మేలైనది దానికి వేరే ఉద్యోగం ఇవ్వడం: ఒక పాత్ర పిసినారితనం చూపడానికి వచ్చిన హాస్యపు వాక్యంలోనే ఆధారం ఉంటే పాఠకుడు నవ్వి ముందుకెళ్తాడు. చెడిపోయేది ఎక్కడంటే, రచయితకి భయమేసి ఆధారాన్ని మరీ మసకబార్చినప్పుడు. చివర్లో డిటెక్టివ్ ‘నిన్న ఒక ఫోన్ చేసి కనుక్కున్నాను’ అంటే పుస్తకం విసిరేయాలనిపిస్తుంది. దోషి గట్టిగా పది పేజీల్లో కూడా కనపడకపోవడం ఇంకో తప్పు. రుజువు లేక ఆఖరి అధ్యాయంలో దోషి చేత కన్నీళ్లతో ఒప్పించడం మూడోది, అన్నిటికంటే ఎక్కువగా జరిగేది.

‘లేకపోవడం’ అనే ఆధారం గురించి మాత్రం కథలు మనకి కొంచెం తప్పు నేర్పాయి. 1892 నాటి షెర్లాక్ హోమ్స్ కథలో రాత్రి కుక్క మొరగలేదు, కాబట్టి వచ్చినవాడు దానికి తెలిసినవాడు. వినడానికి సులువుగా ఉంటుంది. హైల్‌బ్రాన్ కేసులోనూ మొరగని కుక్క ఉంది: చుట్టుపక్కల రాష్ట్రాల్లో తిరిగిన ఆ ఆడమనిషి పక్కనే ఉన్న బవేరియాలో కనపడలేదు. అక్కడి పోలీసులు వేరే చోటి పుల్లలు వాడేవాళ్లు. ఎవరూ పట్టించుకోలేదు, ఎందుకంటే ఏయే ప్రాంతం ఎవరి పుల్లలు వాడుతుందన్న పట్టిక ఎవరి ముందూ లేదు. ఉండాల్సినవాటి లెక్క ముందే ఉంటేనే లేనిది కనపడుతుంది.

1860 జూన్‌లో ఇంగ్లండ్‌లోని రోడ్ అనే పల్లెలో, ఒక పెద్దింట్లో పసివాణ్ణి గొంతు కోసి చంపారు. లండన్ నుంచి వచ్చిన జాక్ విచర్ అనే డిటెక్టివ్ ఆ ఇంటి బట్టల పద్దు అడిగాడు. పిల్లవాడి సవతి అక్క, పదహారేళ్ల కాన్‌స్టన్స్ కెంట్ పేరు మీద నైట్‌గౌనులు మూడని ఉంది. ఇంట్లో రెండే ఉన్నాయి. మూడోది చాకలామె పోగొట్టిందని ఇంట్లోవాళ్ల మాట. బట్టలు లెక్కపెట్టి బుట్టలో వేశాక ఒక శుభ్రమైన గౌనుని వెనక్కి తీసేసుకుంటే, పద్దులో మూడూ వెళ్లినట్టే ఉంటుంది, నింద చాకలామె మీద పడుతుంది, నెత్తుటి గౌనుకి జవాబు చెప్పే పని తప్పుతుంది అని విచర్ ఊహించాడు. ఊహ చక్కగా ఉంది. కానీ లేని గౌనుని కోర్టులో బల్ల మీద పెట్టలేం. అమ్మాయిని వదిలేశారు, పెద్దింటి పిల్ల మీద అభాండం వేశాడని విచర్‌ని దేశమంతా తిట్టింది. 1865లో కాన్‌స్టన్స్ తనే వచ్చి నేరం ఒప్పుకుంది, గౌను తగలబెట్టానని చెప్పింది.

మూడేళ్లకి, 1868లో, విల్కీ కాలిన్స్ అనే ఇంగ్లీషు రచయిత ‘ది మూన్‌స్టోన్’ నవల రాస్తూ ఈ కేసునే వాడుకున్నాడు. మరక పడ్డ నైట్‌గౌను, బట్టల పద్దు అడిగే డిటెక్టివ్, అన్నీ ఉన్నాయి. నెత్తురు బదులు తలుపుకి వేసిన రంగు. ఒక్కటి మాత్రం ఆయన మార్చక తప్పలేదు: నవలలో ఆ గౌను కాలిపోదు. ఊబి ఇసుకలో గొలుసు కట్టి దించిన రేకు పెట్టెలో భద్రంగా దొరుకుతుంది, దాని మీద యజమాని పేరుతో సహా.