ఉరిమే మబ్బుకు భయపడిన వేసవి

కొలరాడోలో ఫోర్ట్ కాలిన్స్‌కు పడమటి వైపు కొండల్లో, పాండెరోసా పైన్ చెట్ల మధ్య ఇల్లు కొనుక్కున్నాం. అందరూ మాకు చలికాలం గురించే జాగ్రత్తలు చెప్పారు. వేసవి మాట ఎత్తింది పక్కింటావిడ ఒక్కరే. 2012లో హై పార్క్ కార్చిచ్చు వచ్చినప్పుడు ఆవిడ గుర్రాలతో సహా కొండ దిగారట. ఒక పిడుగుతో అంటుకున్న ఆ మంట 87 వేల ఎకరాలకు పైగా పాకింది, 259 ఇళ్లు బూడిదయ్యాయి. ఇక్కడ ఉరుము వినబడితే వానొస్తుందని సంబరపడవద్దని, ముందు గాలి ఎటు వీస్తోందో చూసుకోమని ఆవిడ చెప్పారు.

ఆ మాట మొదటి జూలైలోనే అర్థమైంది. మధ్యాహ్నానికల్లా కొండల మీద మబ్బు కమ్ముతుంది, ఉరుముతుంది, మెరుస్తుంది, చినుకు మాత్రం రాలదు. మబ్బు చాలా ఎత్తులో ఉంటుంది, కింది గాలిలో తేమ ఉండదు కాబట్టి జారిన వాన దారిలోనే ఆవిరైపోతుంది. దూరం నుంచి చూస్తే మబ్బు కింద బూడిదరంగు ధారలు కనిపిస్తాయి గాని వాటి కొసలు నేలకు అందవు. వాన ఆవిరయ్యే కొద్దీ చుట్టూ ఉన్న గాలి చల్లబడి, బరువెక్కి, ఒక్కసారిగా కిందికి పడి నలువైపులా చిమ్ముతుంది. నిప్పు పెట్టేదీ ఆ మబ్బే, విసిరి రాజేసేదీ ఆ మబ్బే. అంగుళంలో పదో వంతు కూడా కురవకపోతే వాతావరణ శాఖ దాన్ని పొడి ఉరుముల జాబితాలో వేస్తుంది.

మరుసటి వేసవికి ముందే అగ్నిమాపక కేంద్రానికి ఫోను చేశాను. అడిగితే ఇంటికి వచ్చి, ఎక్కడ నిప్పు అంటుకునేలా ఉందో చూసి చెబుతారు. వచ్చినాయన ఎన్ని చెట్లు కొట్టించమంటారో అని నేను హడలిపోతుంటే, ఆయన చెట్ల వైపు చూడనైనా చూడలేదు. వీధి గుమ్మం ముందు గొంతుక్కూర్చుని కొబ్బరిపీచు పట్టా ఎత్తారు. పట్టాకూ గడపకూ మధ్య సందులో వేలెడు మందాన ఎండు పైన్ ఆకులు పేరుకుని ఉన్నాయి. చిటికెడు తీసి నలిపితే పొడిపొడి అయ్యాయి. “గాలి ఈ ఆకుల్ని ఎక్కడెక్కడ పోగేసిందో చూసుకోండి. రేపు నిప్పురవ్వల్ని కూడా అక్కడికే తెచ్చి పోస్తుంది” అన్నారు.

నా భయమంతా ఎత్తైన మంట గోడలా వచ్చి ఇంటి మీద పడుతుందని. చాలా ఇళ్లు అలా కాలవు. అమెరికా అటవీ శాఖ శాస్త్రవేత్త జాక్ కోహెన్ ఏళ్ల తరబడి కాలిన ఇళ్లను పరిశీలించి తేల్చింది ఇదే: మంట ఇంకా దూరంలో ఉండగానే రవ్వలు ఎగిరొచ్చి చూరులోనో, డెక్ (ఇంటిని ఆనుకున్న చెక్క అరుగు) కిందనో, గోడ పక్క చెత్తలోనో పడి మెల్లగా రాజుకుంటాయి. అందుకే గోడ నుంచి ఐదడుగుల లోపు మండే వస్తువేదీ ఉండకూడదు. ఆ తరువాత ముప్పై అడుగుల వరకు ఒక పద్ధతి, వంద అడుగుల వరకు మరో పద్ధతి. ఓపికా డబ్బూ కొద్దిగానే ఉంటే మొదటి ఐదడుగులకే ఖర్చు చేయమని నేనైతే చెబుతాను.

మా కిటికీల కింద జూనిపర్ పొదలు దట్టంగా ఉండేవి. చూపుకు పచ్చగా ఉన్నా లోపలంతా నూనె, పైగా అడుగున ఏళ్ల నాటి ఎండు రెమ్మలు. మా ఆయనకు అవంటే ప్రాణం. తీయించడం గురించి మా ఇంట్లో జరిగిన చర్చ ఇక్కడ రాయదగింది కాదు. చివరకు పొదలు పోయి కంకర వచ్చింది. డెక్ కింది కట్టెల మోపు ముప్పై అడుగుల అవతలికి వెళ్లింది. గాలి కంతలకు అంగుళంలో ఎనిమిదో వంతు సందులుండే ఇనుప జాలీ బిగించాం. చెక్క కంచె ఇంటి గోడను తాకే చోట మొదటి పలకలు తీసేసి లోహపువి పెట్టించాం. అడవి లేని చోట ఇదంతా ఎందుకనే స్నేహితులకు నేను మార్షల్ కార్చిచ్చు గురించి చెబుతుంటాను. 2021 డిసెంబరు 30న బౌల్డర్ కౌంటీలో వెయ్యికి పైగా ఇళ్లను మింగిన ఆ మంట గడ్డి మైదానాల మీదుగానే కాలనీల్లోకి వచ్చింది.

ఇల్లు వదిలి పోవాల్సి వస్తే పట్టుకెళ్లే సంచుల సంగతి త్వరగా చెప్పేస్తాను. పాస్‌పోర్టులు, వీసా కాగితాలు, అత్తయ్యగారి మందులు, కళ్లజోళ్లు, ఛార్జర్లు. బీమా కోసం ప్రతి గదినీ, ప్రతి అలమారనూ తెరిచి ఫోనులో వీడియో తీశాను. కారు ఎప్పుడూ రోడ్డు వైపు ముఖం పెట్టి ఉంచడం అలవాటైంది. కరెంటు పోతే గ్యారేజీ తలుపు తనంతట తాను లేవదు. లోపల వేలాడే ఎర్ర తాడు లాగి చేత్తో ఎత్తాలి. మా అమ్మాయికి అది నేర్పించాం.

ఆ జూలైలో ఒక రోజు, కార్చిచ్చు ముప్పు ఎక్కువగా ఉందని చెప్పే రెడ్ ఫ్లాగ్ హెచ్చరిక వచ్చింది. మా వైపు గాలిలో తేమ 15 శాతానికి పడిపోయి, గాలి గంటకు 25 మైళ్ల వేగంతో విసురుతుందనుకుంటే దాన్ని ఇస్తారు. పొడి ఉరుములు ఎక్కువగా ఉంటాయనుకున్నా ఇస్తారు. సాయంత్రం ఎదురు కొండ శిఖరం మీద పిడుగు పడటం కళ్లారా చూశాం. పొగ రాలేదు. మరునాడూ ఏమీ లేదు. అక్కడితో గండం గడిచిందని నేను అనుకోలేదు, ఎందుకంటే పిడుగు పడ్డ చెట్టు బోదెలోనో, వేళ్ల దగ్గరి ఎండాకులోనో నిప్పు రోజుల తరబడి కునుకుతూ ఉండగలదని చదివాను. ఎండ ముదిరి గాలి లేచిన ఒక మధ్యాహ్నం అది పైకి వచ్చింది. ముందు సన్నని తెల్లని పొగ, గంట గడిచేసరికి నల్లగా, లావుగా.

సిద్ధంగా ఉండమని ఫోనుకు సందేశం రాగానే పక్కింటావిడ గుర్రాలను ట్రైలరెక్కించి లవ్‌లాండ్‌లోని ‘ది రాంచ్’ మైదానానికి బయలుదేరారు. పెద్ద పశువులున్నవాళ్లు మొదటి సందేశానికే కదలాలి, రెండోది వచ్చాక ఆ మలుపుల రోడ్డు మీద ట్రైలరుకు చోటుండదు. మాకు వెళ్లిపొమ్మన్న ఆదేశం చీకటి పడుతుండగా వచ్చింది. కిటికీలన్నీ మూసి, లైట్లన్నీ వేసి వెళ్లాలి. పొగలో ఇల్లు ఎక్కడుందో సిబ్బందికి తెలిసేది ఆ వెలుతురుతోనే. నేను ఒక్కో గదిలో లైటు వేసుకుంటూ ముందు నడుస్తుంటే అత్తయ్యగారు ఒక్కొక్కటీ ఆర్పుకుంటూ నా వెనకే వచ్చారు. “మనుషులు లేని ఇంట్లో లైట్లెందుకమ్మా?” అన్నారు. వివరించే తీరిక లేక ఆవిడను కారెక్కించి, మళ్లీ లోపలికి వెళ్లి అన్నీ వేసి వచ్చాను.

ఊళ్లో స్నేహితుల ఇంట్లో దిగాక మొదలైంది అసలు చిత్రహింస, కబురు కోసం ఎదురుచూడటం. రోజూ ఎంత శాతం నిలువరించారో చెబుతారు. ఇరవై శాతం అంటే ఐదో వంతు మంట ఆరిందని మా ఆయన లెక్క. ఆ అంకె ఆరిన మంటది కాదు. మంట చుట్టుకొలతలో ఎంత మేర ఇక దాటి రాదన్న నమ్మకం కుదిరిందో, అంతే. లోపల ఇంకా మండుతున్నా నూరు శాతం కావచ్చు. ఇది తెలిశాక ఆయనకు బెంగ పెరిగిందో తగ్గిందో చెప్పలేను.

మేం తిరిగి వెళ్లేసరికి ఎదురు కొండ వాలు నల్లగా ఉంది, ఇల్లు నిలిచి ఉంది. జూనిపర్లు ఉండిన చోట కంకర మీద గోరంత బొగ్గు పెళ్లలు చెదురుమదురుగా పడి ఉన్నాయి. పొదలు తీయించడం వల్లే ఇల్లు దక్కిందని నేను వాదించను. ఆ రాత్రి గాలి తిరిగింది, సిబ్బంది శిఖరం వెంట మండేవన్నీ తీసేసి, మట్టి తేలేలా గీత తవ్వి మంటను ఆపారు. మా ఆయన మాత్రం ఆ పెళ్లలను చీపురుతో ఊడ్చి, మారు మాట్లాడకుండా చెత్తబుట్టలో పోశారు.

ఇప్పుడు ఎదురుచూపు వాన కోసం కాదు, వాన వస్తుందేమోనని. కాలిన వాలు నీటిని పీల్చుకోదు. రాష్ట్ర చరిత్రలోనే అతి పెద్దదైన 2020 నాటి కామెరాన్ పీక్ కార్చిచ్చు కాల్చిన వాలు మీద 2021 జూలై 20న వాన పడితే, పూడర్ లోయలోకి బురద వరద దూకి నలుగురు చనిపోయారు. ఇంటి బీమాలో వరద నష్టం రాదు. దానికి వేరే పాలసీ కావాలి, అది తీసుకున్న 30 రోజులకు గాని అమలులోకి రాదు. ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) భూమి మీద కాలిన చోటు నుంచి వచ్చే వరదకు ఈ గడువులో మినహాయింపు ఉంది గాని, మంటను పూర్తిగా నిలువరించిన 60 రోజుల్లోపు పాలసీ తీసుకుని ఉండాలి. మా ఎదురు వాలు అటవీ శాఖదే. మంటను నిలువరించిన తేదీ ఉన్న ప్రకటననూ, కొండ మ్యాపునూ జతచేసి నిన్ననే దరఖాస్తు పంపాను. ఏజెంటు వాగు వైపు గోడ ఫొటోలు కూడా అడిగారు, అవి ఇంకా తీయాలి.